యాసిడ్ బాటిల్ మీద 35 శాతం అంటే ఎన్ని మోలార్?

ప్రశ్న: సార్, నేను తిరుపతిలో బీయస్సీ ఫస్టియర్ చదువుతా ఉండాను. మా ల్యాబ్‌లో హైడ్రోక్లోరిక్ యాసిడ్ బాటిల్ మీద 35 శాతం, స్పెసిఫిక్ గ్రావిటీ 1.18 అని ఉంది. దాంతో 0.1 మోలార్ ద్రావణం 250 ఎంఎల్ చేయమన్నారు. నేను లెక్కేస్తే బాటిల్‌లోది 9.6 మోలార్ వచ్చింది, పక్క బ్యాచ్ వాళ్లకేమో 11.3 అంట. ఎవరిది కరెక్టు సార్?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: పక్క బ్యాచ్ వాళ్లదేనమ్మా. నీకు 9.6 ఎట్లొచ్చిందో కూడా తెలిసిపోతా ఉంది, 100 ఎంఎల్‌లో 35 గ్రాములు అనుకోని, లీటరుకి 350 గ్రాములు వేసి, హైడ్రోక్లోరిక్ యాసిడ్ (హెచ్‌సీఎల్) ఒక మోల్ బరువు 36.5 గ్రాములు కదా, దాంతో భాగించుంటావు. కానీ బాటిల్ మీద ఉండే శాతం బరువు లెక్క, అంటే 100 గ్రాముల యాసిడ్‌లో 35 గ్రాముల హెచ్‌సీఎల్. మొలారిటీ ఏమో లీటరు లెక్క, అంటే లీటరు ద్రావణంలో ఎన్ని మోల్‌లు ఉన్నాయని. పడి బియ్యాన్నీ కిలో బియ్యాన్నీ ఒకటే అనుకుంటే ఎట్లుంటుందో అట్లా అయింది నీ పని. ఆ 1.18 ఊరికే అచ్చేయలేదు, ఈ రెండిటినీ కలిపేది అదే. లీటరు యాసిడ్ తూకం 1180 గ్రాములు, అందులో 35 శాతం 413 గ్రాములు, 413ని 36.5తో భాగిస్తే 11.3 మోలార్.

ఇంక పల్చన చేసేది ఈజీనే, 0.1ని 250తో గుణించి 11.3తో భాగించు, 2.2 ఎంఎల్ వస్తుంది. స్టాండర్డ్ ఫ్లాస్క్‌లో ముందు సగం దాకా డిస్టిల్డ్ వాటర్ పోసి, ఆ తర్వాతే యాసిడ్ వేసి, బాగా కలిపి, చల్లారినాక గీత దాకా నింపు. 250 ఎంఎల్ నీళ్లు కొలిచి అందులో యాసిడ్ పోసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు, అట్లా చేయొద్దు, మొత్తం కలిపి 250 కావాలి. పిప్పెట్‌ని నోటితో పీల్చొద్దు తల్లీ, రబ్బరు బల్బు పెట్టుకో, ఆ పొగ ముక్కుకి తగిలితే చాలు కళ్లల్లో నీళ్లొస్తాయి.

ఇంకోటి, ఫ్లాస్క్ మీద 20 అనో 27 అనో డిగ్రీలు రాసుంటుంది చూడు, ఆ వేడిలోనే గీత కరెక్టు. మన తిరుపతి మే నెల ఎండకి నీళ్లు వ్యాకోచించి మొలారిటీ కొంచెం తగ్గుతుంది, 27 నుంచి 40కి పోతే అర శాతం లోపే, ప్రాక్టికల్స్‌కి పట్టించుకోబల్లేదు.

పట్టించుకోవాల్సింది వేరే ఉంది. మూత తీసినప్పుడల్లా గ్యాస్ పోతా ఉంటుంది కాబట్టి పాత బాటిల్‌లో 35 శాతం ఉండకపోవచ్చు. అందుకే 1.325 గ్రాముల ఎండబెట్టిన సోడియం కార్బొనేట్‌ని 250 ఎంఎల్‌కి చేసి, రంగు మారి చూపించే మిథైల్ ఆరెంజ్ వేసి టైట్రేట్ చెయ్యి, అంటే రంగు మారేదాకా నీ యాసిడ్‌ని కొంచెం కొంచెంగా అందులో వెయ్యి. 20 ఎంఎల్ కార్బొనేట్‌కి నీ యాసిడ్ 20 ఎంఎల్ పడితే సరిగ్గా 0.1. ఎక్కువ పడితే యాసిడ్ పల్చగా ఉన్నట్టు, రికార్డులో ఆ వచ్చిన విలువే రాయి.