‘ఎ మాన్‌స్టర్ కాల్స్’ నవలలో ఆ చెట్టు భూతం నిజంగా వచ్చిందా, లేక కుర్రాడి ఊహేనా?

నవల దాన్ని కావాలనే తేల్చదు. రచయిత్రి షివాన్ డౌడ్ తన ఆలోచనను కథగా పూర్తిచేయకుండానే 2007లో రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయారు. మరో రచయిత పాట్రిక్ నెస్ దాన్ని అందుకుని 2011లో ఈ నవలగా రాశారు.

పదమూడేళ్ల కానర్ తల్లి మంచం పట్టింది. రాత్రి 12:07కి ఇంటి వెనక కొండ మీది యూ అనే సతతహరిత చెట్టు భూతమై నడిచి వస్తుంది. తెల్లారి చూస్తే గది నేలంతా సూదుల్లాంటి ఆకులు. అవెవరికీ కనబడకుండా కానర్ ఊడ్చి సంచిలో కుక్కేస్తాడు. దుఃఖంలో ఉన్న పిల్లలు చేసే పని అచ్చంగా ఇదే.

భూతం మూడు కథలు చెప్పి, నాలుగోది అతణ్ణే చెప్పమంటుంది. అమ్మ బతకాలి, కానీ ఈ నరకం అయిపోతే బాగుండు. ఈ రెండో కోరికే అతణ్ణి లోపల తినేస్తోంది. జాలిపడే మనుషుల ముందు అది నోరు దాటి రాదు. అందుకే ఈ కథకు భూతం కావాల్సి వచ్చిందని నా నమ్మకం.

తల్లికిచ్చే చివరి మందు కూడా యూ చెట్టుదే. నిజజీవితంలోనూ పాక్లిటాక్సెల్ అనే క్యాన్సర్ మందు మొదట దొరికింది యూ బెరడులోనే. కథలో ఆ మందు పనిచేయదు. ఆసుపత్రిలో కానర్ అమ్మను గట్టిగా పట్టుకుంటాడు. అప్పటికింకా 12:07 కాలేదు.