రెఫరెండం తీర్పుకు ఎంపీలు కట్టుబడి తీరాలా?

చట్టప్రకారం అక్కర్లేదు. 2016 జూన్ 23న బ్రిటన్‌లో జరిగిన రెఫరెండంలో (ఒక ప్రశ్నపై జనమే నేరుగా ఓటేయడం) ఓటేసినవాళ్లలో 51.9 శాతం మంది యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చేద్దామన్నారు, మిగతావాళ్లు వద్దన్నారు. అయితే ఆ ఓటింగ్ సలహా మాత్రమే. పార్లమెంటు చట్టం చేయనిదే ప్రభుత్వం ముందుకెళ్లకూడదని 2017 జనవరిలో అక్కడి సుప్రీంకోర్టు తేల్చేసింది.

అసలు చిక్కు, ఏ ఓటర్ల మాట వినాలన్న దగ్గరే. లండన్‌లోని లాంబెత్‌లో 78 శాతానికి పైగా ఉండిపోదామన్నారు. ఆ ప్రాంతంలోని వాక్స్‌హాల్‌కు అప్పటి ఎంపీ కేట్ హోయ్ మాత్రం బయటికే పట్టుబట్టారు. దేశం మాట నిలబెట్టారు, సొంత నియోజకవర్గాన్ని కాదన్నారు. రెండూ నిజమే.

నా మటుకు, ఎంపీ జనం తీర్పుకు ఎదురెళ్లొచ్చు. కానీ ఎందుకో దాచకుండా చెప్పాలి. అప్పటి ఎంపీ కెన్ క్లార్క్ సభలో కారణాలు చెప్పి మరీ 2017 ఫిబ్రవరిలో, యూనియన్ నుంచి బయటికొచ్చే ప్రక్రియ మొదలుపెట్టే బిల్లును వ్యతిరేకించారు. కన్జర్వేటివ్ ఎంపీల్లో అలా ఓటేసింది ఆయనొక్కరే.