పాత పటాలకు బీమా: విలువ ఎవరు కట్టాలి?

ప్రశ్న: నెల్లూరు మూలాపేటలోని మా ఇంట్లో మా మామగారి కాలం నాటి పటాలు రెండున్నాయి. ఒకటి తంజావూరు చిన్నికృష్ణుడు, రెండోది రవివర్మ వేసిన లక్ష్మీదేవి. ఇంటికి బీమా చేయిస్తూ వీటినీ చేర్చమంటే ఏజెంటు విలువ నిర్ధారణ పత్రం అడిగారు. ట్రంకు రోడ్డులో పటాలు కట్టే దుకాణదారు రెంటికీ కలిపి పది లక్షలకు రాసిస్తానంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: ఆ పత్రం తీసుకోకండి. ఎక్కువ విలువ రాయించుకుంటే ప్రీమియం కట్టించుకునే రోజున ఎవరూ అభ్యంతరం చెప్పరు. క్లెయిము రోజున నష్టం అంచనా వేయడానికి వచ్చే సర్వేయరు మాత్రం ఈ విలువ ఎవరు కట్టారు, ఏ ఆధారంతో కట్టారు అని అడుగుతారు. 2021 నవంబరులో పెన్నాకు వచ్చినంతటి వరదలో పటాలు పాడైపోతే, అవి ఎలాంటివో చెప్పడానికి మీ చేతిలో మిగిలేది ఆ కాగితమొక్కటే.

విలువ కన్నా ముందు తేల్చవలసింది, మీ దగ్గర ఉన్నవి అసలు ఏమిటన్నది. రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయం పెట్టించి దేవతల బొమ్మలను రంగుల్లో అచ్చు వేయించారు. మన వైపు ఇళ్లలో రవివర్మ పటమని చెప్పుకునేవాటిలో చాలా వరకు ఆ అచ్చు ప్రతులో, వాటిని చూసి తర్వాత వేసిన అచ్చులో. పటాన్ని కిందికి దించి, లక్ష్మీదేవి చెంప మీద భూతద్దం పెట్టి చూడండి. రంగు సన్నని చుక్కలుగా విడిపోయి కనిపిస్తే అది అచ్చే. కింది అంచున ముద్రణాలయం పేరు కూడా ఉండవచ్చు, ఫ్రేము కట్టినవారు దాన్ని కప్పేసి ఉంటే తప్ప. తొలినాటి అచ్చు ప్రతులకూ కొనేవారున్నారు, కానీ వాటి ధరకూ చేత్తో వేసిన తైలవర్ణ చిత్రం ధరకూ పోలికే లేదు.

తంజావూరు పటం విషయంలో జరిగే పొరపాటు వేరు. చెక్క మీద గుడ్డ అంటించి, సుద్దముద్దతో ఉబ్బెత్తుగా తీర్చి, పైన బంగారు రేకు అతుకుతారు కనుక కొందరు దాన్ని నగల దుకాణానికి తీసుకెళతారు. ఆ రేకులో ఉండే బంగారం అత్యల్పం; విలువంతా పనితనంలో, వయసులో, ఇప్పుడున్న స్థితిలో ఉంటుంది. పాతబడిందని ఎవరైనా ముఖానికి కొత్త రంగు పూయించి ఉంటే విలువ పెరగదు, తగ్గుతుంది. వందేళ్లు దాటిన చిత్రమైతే 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం అది పురావస్తువు. దాన్ని పురావస్తు శాఖ రిజిస్ట్రేషన్ అధికారి వద్ద నమోదు చేయించాలి, విదేశంలో ఉన్న పిల్లలకు పంపించే వీలుండదు.

విలువ కట్టడానికి ఆదాయపు పన్ను శాఖ వద్ద కళాఖండాల విభాగంలో నమోదైన వాల్యుయరు తగినవారు. బ్యాంకుకు బంగారం తూచేవారు, ఇళ్లకు విలువ కట్టే ఇంజనీర్లు ఈ పనికి పనికిరారు. నెల్లూరులో దొరక్కపోతే చెన్నైలో విచారించండి. విలువలో ఇంత శాతం అని కాక, ఫీజు ముందే ఒక మొత్తంగా మాట్లాడుకోవాలి. ఆ పటాన్ని తామే కొంటామనేవారి చేత విలువ కట్టించుకోకూడదు. పత్రం బీమా కోసమేనని స్పష్టంగా చెప్పండి, ఎందుకంటే బీమాకు చూసేది అటువంటి పటం ఈ రోజు కొనాలంటే ఎంతవుతుందని. మీరు అమ్మబోతే చేతికొచ్చేది సాధారణంగా అంతకన్నా తక్కువే. కొలతలు, వాడిన సామగ్రి, పగుళ్లు, మరకలు, ముందువైపు, వెనకవైపు ఫొటోలు, పోల్చి చూసిన అమ్మకాల వివరాలు, తేదీ, సంతకం అందులో ఉండాలి.

ఇక పాలసీ. 2021 ఏప్రిల్ నుంచి ఉన్న భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీలో సాధారణ గృహోపకరణాలకు భవనం బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు రక్షణ దానంతటదే వస్తుంది. చిత్రాలు, నగలు అందులోకి రావు. వాటిని అంగీకృత విలువ మీద, అంటే మీరూ బీమా కంపెనీ ముందే ఒప్పుకున్న విలువ మీద, విడిగా చేర్చుకోవాలి. అలా చేర్చే వస్తువుల మొత్తం 5 లక్షలు మించకుండా, ఏ ఒక్కటీ లక్ష దాటకుండా ఉంటే విలువ పత్రం అవసరమే లేదు. మీ లక్ష్మీదేవి అచ్చు ప్రతిగా, కృష్ణుడు మరీ పాతది కానిదిగా తేలితే మీరు ఈ పరిమితిలోనే ఉండవచ్చు, అప్పుడు వాల్యుయరు ఖర్చు కూడా మిగులుతుంది. వందేళ్ల నాటిదనిపిస్తే మాత్రం ఆ ఖర్చుకు వెనకాడవద్దు.

ఈ పాలసీలో దొంగతనానికి పరిహారం రావాలంటే, ఆ దొంగతనం అగ్ని, వరద వంటి ప్రమాదం కారణంగా, ఆ ప్రమాదం జరిగిన ఏడు రోజుల్లోపు జరిగి ఉండాలి. మామూలు రోజున తాళం పగలగొట్టి ఎత్తుకుపోతే రాదు కనుక, ఇల్లు తరచూ తాళం వేసి ఉండేదైతే దొంగతనం పాలసీ విడిగా అడగండి. చెదలు, తేమ, బూజు వల్ల మెల్లగా జరిగే నష్టాన్ని మాత్రం ఏ పాలసీ అయినా సాధారణంగా మినహాయిస్తుంది, మన తీరప్రాంతపు ఇళ్లలో చెక్క పటాలకు ఎక్కువ ముప్పు దానివల్లే. పటం తగిలించిన గోడ చెమ్మగిల్లుతుంటే, ప్రీమియం కట్టేలోపే దాన్ని వేరే గోడకు మార్చండి.