రెండు నిమిషాల సైన్స్ కథలు: బీఎస్సీ తర్వాత ఇదే పనిగా పెట్టుకోవచ్చా?

ప్రశ్న: నేను గుంటూరులో బీఎస్సీ ఫిజిక్స్ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. అమెరికా రేడియోల్లో వచ్చే రెండు నిమిషాల సైన్స్ కథలు రోజూ ఫోన్లో వింటాను. తెలుగులో అలాంటివి రాసి, చదివే పని చేయాలని ఉంది. నాన్నగారేమో బీఈడీ చేసి డీఎస్సీకి ప్రిపేర్ అవ్వమంటున్నారు. ఈ రంగంలో ఉద్యోగాలుంటాయా? ఏ కోర్సు చేయాలి? - ఒక విద్యార్థిని

జవాబు: 'సైన్స్ కథలు చెప్పేవారు కావలెను' అని నోటిఫికేషన్ ఎప్పటికీ రాదమ్మా. దాని కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారేమోనని నాన్నగారు టెన్షన్ పడుతుంటే అందులో తప్పులేదు. అలాగని ఆ పనికి జీతమిచ్చేవాళ్లు లేరనీ కాదు.

మీరు వినే కార్యక్రమాలకు డబ్బు ఎవరు పెడుతున్నారో ఎప్పుడైనా గమనించారా? 1978 నుంచి వస్తున్న 'స్టార్‌డేట్' టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీది. 'ఎ మొమెంట్ ఆఫ్ సైన్స్' ఇండియానా విశ్వవిద్యాలయం రేడియో స్టేషన్‌లో తయారవుతుంది. అంటే వాటి వెనక సైన్స్‌ను జనానికి చేరవేయడం తమ పనే అనుకునే సంస్థలున్నాయి. మన దగ్గర కూడా మీరు వెతకాల్సింది అలాంటి చోట్లే: సైన్స్ మ్యూజియంలు, ప్లానిటేరియంలు, సీసీఎంబీ లాంటి పరిశోధన సంస్థల్లో ఔట్‌రీచ్ విభాగాలు, తిరుపతిలోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం. వీటిలో ఎక్కువ చోట్ల సైన్స్ డిగ్రీ అడుగుతారు. రాయడం, మాట్లాడటం వస్తే అది అదనపు బలం. అందుకే ఫిజిక్స్ వదిలేసి మీడియా వైపు దూకేయకండి.

ఇక అసలు పని ఎలా ఉంటుందో మీ ఊరి ఉదాహరణతోనే చెబుతాను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. దాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే శాస్త్రవేత్త గుంటూరు వచ్చాడు. 'హీలియంను గుంటూరులో కనిపెట్టారు' అని మనవాళ్లు గర్వంగా చెప్పుకునేది ఈ సంగతే. ఇంత మంచి కథ దొరికింది కదా అని వెంటనే రాసేయాలనిపిస్తుంది. ఆగండి. జాన్సెన్ ఆ రోజు చూసింది సూర్యుడి అంచున ఎగసే మంటల కాంతి. అది ఎంత ప్రకాశంగా ఉందంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని అతనికి తట్టింది. మర్నాడే చూశాడు కూడా. అతను సాధించిన పెద్ద విజయం అది. కాంతిని రంగులుగా విడగొడితే ఒక్కో మూలకానికీ ఒక్కో చోట గీతలు కనిపిస్తాయి. ఆ మంటల కాంతిలోని పసుపు గీత సోడియం గీతతో సరిగ్గా కలవడం లేదని అదే గ్రహణంలో గమనించింది మచిలీపట్నంలో ఉన్న పోగ్సన్, మద్రాసు అబ్జర్వేటరీ మనిషి. అక్టోబరులో ఇంగ్లండ్‌లో లాక్యర్‌కు అదే గీత కనిపించింది. ఇది భూమ్మీద తెలియని మూలకమై ఉంటుందని పట్టుబట్టింది ఆయన. చివరికి 1895లో రామ్‌జే ఒక యురేనియం ఖనిజం నుంచి వచ్చిన వాయువులో ఆ మూలకాన్నే, అంటే హీలియంను పట్టుకున్నాడు.

ఇప్పుడు దీన్ని రెండు నిమిషాల్లో చెప్పాలి. తెలుగులో రెండు నిమిషాలంటే రెండొందల మాటలకు మించి పట్టవు. నలుగురు శాస్త్రవేత్తల పేర్లూ చెబితే వినేవాళ్లకు ఒక్కటీ గుర్తుండదు, రేడియోలో పేజీ వెనక్కి తిప్పే వీలుండదు కదా. నేనైతే పోగ్సన్‌ను పట్టుకుంటాను. మచిలీపట్నంలో ఒక మనిషి పసుపు గీత చూసి, ఇది ఉండాల్సిన చోట లేదే అనుకోవడం దగ్గర మొదలుపెడతాను. జాన్సెన్‌కు ఒక వాక్యం చాలు. మీరు వేరేలా ఎంచుకోవచ్చు. కానీ ఎవరిని ఉంచాలి, ఎవరిని తీసేయాలి, తీసేశాక మిగిలింది అబద్ధం కాకుండా ఎలా చూసుకోవాలి అన్నదే ఈ పనిలో కష్టమంతా. గొంతు బాగుండటం దీని తర్వాతి సంగతి.

ఇలాంటివి పది తయారు చేయండి. ఫోన్ చాలు. ఫ్యాన్ ఆపి, తలుపులు వేసి రికార్డ్ చేయండి. ఒక్కదాన్నైనా మీ ఫిజిక్స్ లెక్చరర్‌కు వినిపించి తప్పులు పట్టమనండి. అన్నీ అంతరిక్షం మీదే వద్దు. కడప కలివికోడి ఉంది. అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో మళ్లీ దొరికింది. మసక చీకట్లో కంటికి కనిపించడం కన్నా చెవికి వినిపించడమే ఎక్కువ. రేడియోకు అంతకన్నా మంచి పాత్ర దొరకదు!

ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సర్లకు ఆడిషన్లు పెడుతుంటారు, మీ దగ్గర్లోని విజయవాడ కేంద్రం ప్రకటనలు గమనించండి. అయితే అవి రోజువారీ డ్యూటీలు. నెలకు కొన్నే వస్తాయి, జీతం అనుకోవద్దు. కమ్యూనిటీ రేడియోల్లో డబ్బు ఇంకా తక్కువ, కానీ పని నేర్పిస్తారు. ప్రైవేటు ఎఫ్ఎంలు సినిమా పాటల మీదే నడుస్తాయి, వాటి మీద నేను ఆశ పెట్టుకోను.

చదువు విషయానికొస్తే, ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేస్తూ ఈ పని సాగించడం నాకు నచ్చిన దారి. మీడియా చదువే కావాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్ పీజీ ఉంది, సీయూఈటీ పీజీ రాయాలి. క్యాంపస్‌లోనే బోల్ హైదరాబాద్ అనే కమ్యూనిటీ రేడియో ఉండటం మీలాంటివాళ్లకు పెద్ద ప్లస్. 'మాట బాగుంటే డిగ్రీ ఎందుకు' అనే యూట్యూబ్ సలహాలను మాత్రం పట్టించుకోకండి.

నాన్నగారితో గొడవ పెట్టుకోవాల్సిన అవసరం కూడా లేదు. బీఈడీ చేసినా మీ కల పాడైపోదు. తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పాఠం చెబితే, ఏ వాక్యం దగ్గర వాళ్ల చూపు కిటికీ బయటికి పోతుందో తెలిసిపోతుంది. అక్కడే మీ స్క్రిప్టులో కత్తెర వేయాలి. ఎడ్‌సెట్, సీయూఈటీ రెండూ రాయండి. సీయూఈటీ పీజీ దరఖాస్తులు ఎడ్‌సెట్ కన్నా ముందే మొదలవుతుంటాయి, తేదీ దాటిపోకుండా చూసుకోండి. ఈలోగా తయారైన మొదటి రెండు కథలు నాన్నగారికి వినిపించండి, ఎవరివో చెప్పకుండా.