ముఖాలు వస్తున్నాయి, మనిషి రావడం లేదు

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఫొటో చూసి ముఖాలు పెన్సిల్‌తో అచ్చుగుద్దినట్టు దించుతాను. కానీ ఏదీ చూడకుండా, నిలబడ్డ మనిషిని గీద్దామంటే చెక్కబొమ్మలా వస్తోంది. యానిమేషన్, గేమ్స్‌లో క్యారెక్టర్ డిజైన్ (పాత్రల రూపాలు తయారుచేసే పని) వైపు వెళ్లాలని ఉంది. అనాటమీ (శరీర నిర్మాణం) రాకపోవడమే లోపమనుకుని నాలుగు నెలలుగా కండరాల పేర్లు బట్టీ పడుతున్నాను. బొమ్మలో మాత్రం తేడా లేదు. అనాటమీ, పర్‌స్పెక్టివ్ (చూసే కోణం, దూరం బట్టి ఆకారాలు మారి కనిపించే తీరు), లైటింగ్‌లలో ఏది ముందు నేర్చుకోవాలి? ఇంట్లో నాన్న ‘ఇది తిండి పెడుతుందా’ అంటున్నారు.

జవాబు: ఆ కండరాల పుస్తకం కొన్నాళ్లు మూసి పక్కన పెట్టండి. పారెయ్యొద్దు, దాని వంతు తర్వాత వస్తుంది.

ఫొటో చూసి దించేటప్పుడు సగం పని కెమెరా చేసి పెట్టేస్తుంది. ఎత్తు, వెడల్పు, లోతు ఉన్న మనిషిని చదునైన కాగితంగా మార్చి మీ చేతికిస్తుంది. మీరు ఆ నలుపు తెలుపు మచ్చల్ని జాగ్రత్తగా ఎక్కించారు. ఓపిక, మంచి కన్ను ఉన్నాయని దాంతో తెలుస్తోంది. చూడకుండా గీయాలంటే మాత్రం ఆ మార్పిడి మీరే చెయ్యాలి. పెద్దవాళ్ల ఒంట్లో ఉండే 206 ఎముకల పేర్లు గడగడా అప్పజెప్పే వైద్య విద్యార్థులు చాలామందే ఉంటారు. వాళ్లంతా బొమ్మలు గీసేయడం లేదు కదా!

నన్నడిగితే ముందు గెస్చర్, తర్వాత పర్‌స్పెక్టివ్, ఆ తర్వాతే అనాటమీ, చివర్లో లైటింగ్. అనాటమీ ముందని చెప్పేవాళ్లూ ఉన్నారు. మీరు నాలుగు నెలలు ఆ దారిలోనే నడిచి చూశారు.

గెస్చర్ అంటే 30 సెకన్లలోనో, రెండు నిమిషాల్లోనో మనిషి నిలబడ్డ తీరును పట్టుకోవడం. కళ్లు, ముక్కు, వేళ్లు ఏవీ అక్కర్లేదు. అద్దం ముందు నిలబడి బరువంతా కుడికాలి మీద వేసి చూడండి. కుడివైపు తుంటి పైకి లేస్తుంది, అదే వైపు భుజం కిందికి దిగుతుంది. మెడ కింద గుంట నుంచి నిట్టనిలువుగా గీత గీస్తే అది దాదాపు కుడి పాదం దగ్గరే దిగుతుంది. మీ బొమ్మలు తీసి ఇదే వెతకండి. భుజాల గీత, తుంటి గీత రెండూ స్కేలు పెట్టి గీసినట్టు సమానంగా ఉండుంటాయి. చెక్కబొమ్మ అక్కడే పుడుతోంది. రోజుకు ఇరవై నిమిషాలు, క్యూలో నిలబడ్డవాళ్లనీ బస్సు కోసం చూసేవాళ్లనీ గీయండి. వాళ్లు కదిలిపోతారు, కదలనివ్వండి.

కొలతలకు పెద్ద టైమ్ పెట్టొద్దు. నిలబడ్డ పెద్ద మనిషి సుమారు ఏడున్నర తలల ఎత్తు, మొత్తం ఎత్తులో సగం తొడలు కలిసే చోటికి వస్తుంది. ఇంత చాలు. మనిషి కూర్చున్నా, మీ వైపు చెయ్యి చాపినా ఈ లెక్క పనికిరాదు. అప్పుడు ఆదుకునేది పర్‌స్పెక్టివ్.

పర్‌స్పెక్టివ్ అంటే రోడ్లకీ మేడలకీ అనుకుంటారు చాలామంది. మీరు కుర్చీలో కూర్చుని, ఎదురుగా నిలబడ్డ మనిషిని చూడండి. మీ కంటి మట్టానికి ఉన్న అతని బెల్టు దాదాపు తిన్నగా కనిపిస్తుంది. నెత్తిన టోపీ అంచు మధ్యలో పైకి వంగుతుంది, సాక్సు అంచు కిందికి వంగుతుంది. ఈ వంపులు సరిగ్గా పడితే చాలు, ఒక్క కండరం గీయకుండానే కాళ్లూ చేతులూ గుండ్రంగా నిలబడతాయి. అందుకే ఛాతీని గుడ్డులా, నడుము కింది భాగాన్ని పెట్టెలా, చేతుల్ని గొట్టాల్లా అనుకుని, వాటిని అన్ని కోణాల్లో తిప్పి గీయడం రెండు మూడు నెలలు చెయ్యండి. బోరు కొడుతుంది, అబద్ధం చెప్పను.

ఇప్పుడు పుస్తకం తెరవండి, కానీ మొదటి పేజీ నుంచి కాదు. ఏ భాగం దగ్గర చెయ్యి ఆగిపోయిందో అక్కడ తెరవండి. ఉదాహరణకు ముంజేయి. అరచెయ్యి ముందుకు తిప్పి పెడితే లోపలి రెండు ఎముకలూ పక్కపక్కనే ఉంటాయి. వెనక్కి తిప్పితే బొటనవేలి వైపు ఎముక రెండోదాని మీదుగా అడ్డంగా దాటుతుంది. ముంజేయి ఆకారం మారేది అందుకే. ఇది మీ చేతి మీదే తడిమి చూసుకుంటే, పేర్లు గుర్తున్నా లేకపోయినా బొమ్మ మారుతుంది. చర్మం కిందే తగిలే ఎముకలు (కాలర్ బోన్, మోచెయ్యి, మోకాలు, చీలమండ) ముందు నేర్చుకోండి. మనిషి లావైనా సన్నమైనా అవి దాదాపు అక్కడే దొరుకుతాయి.

లైటింగ్ దగ్గర మీరు ఇబ్బంది పడరు, షేడింగ్ చెయ్యి ఇప్పటికే ఉంది. ఒకటే దీపం, ఒక గుడ్డు పెట్టి కళ్లు సగం మూసి చూడండి. వెలుగు భాగమేదో నీడ భాగమేదో స్పష్టంగా విడిపోతాయి. నీడలోకి కింది నుంచి తిరిగి పడే వెలుగును కొత్తవాళ్లు మరీ తెల్లగా వేస్తారు. అది వెలుగు భాగాన్ని ఎప్పుడూ దాటకూడదు. నిలబడ్డ తీరే తప్పుగా ఉన్న మనిషికి ఎంత షేడింగ్ చేసినా తప్పే నున్నగా కనిపిస్తుంది.

ఇక నాన్నగారి ప్రశ్న. ఆయన అడిగిందాంట్లో తప్పేం లేదు. ఈ రంగంలో పోటీ గట్టిగానే ఉంటుంది, కాబట్టి డిగ్రీ ఆపొద్దు. క్యారెక్టర్ డిజైన్ ఒక్కటే దారి కాదు. స్టోరీబోర్డ్ (సన్నివేశాలను ముందే వరుస బొమ్మలుగా గీయడం) వాళ్లకు వేగంగా గీసే చెయ్యి, పర్‌స్పెక్టివ్ కావాలి. వైద్య పుస్తకాలకు బొమ్మలు వేసేవాళ్లకు అనాటమీ పూర్తిగా కావాలి. త్రీడీ మోడలింగ్‌లోనూ ఈ చదువు వృథా పోదు. పోర్ట్‌ఫోలియోలో (పని చూపించడానికి ఎంచి పెట్టే మీ బొమ్మల కట్టలో) ఫొటో చూసి వేసిన ముఖాలు రెండు మించి పెట్టకండి. ఇరవై ఒకేలాంటి ముఖాలు చూసినప్పుడు నాకైతే మూడోదాని దగ్గరే పేజీ తిప్పెయ్యాలనిపిస్తుంది. ఒకే మనిషిని నాలుగు కోణాల్లో, చేతులు, పాదాలు, ఒక గదిలో ఇద్దరు మాట్లాడుకుంటున్న దృశ్యం, కొన్ని గజిబిజి స్కెచ్‌బుక్ పేజీలు పెట్టండి.

ప్రతి పేజీ మీదా తేదీ వెయ్యండి. ఆర్నెల్ల తర్వాత మొదటి పేజీ, చివరి పేజీ పక్కపక్కన పెట్టి, స్టూడియోల ఉద్యోగ ప్రకటనలు ఒక పది తీసుకుని నాన్నగారితో కూర్చోండి. వాళ్లు అడుగుతున్నవాటిలో మీకు ఏవి వచ్చో, ఏవి రావో ఆయన ముందే టిక్కు పెట్టండి.