వంశధార ఒడ్డున గులకరాళ్ల క్వారీ వస్తే మా బావులు ఎండిపోతాయా?

ఒడిశాలోని గుణుపూర్ దగ్గర ఏటి ఒడ్డున క్వారీ తవ్వుతారట, బావుల సంగతేంటని అడిగారు. తవ్వే లోతునీ నేల కింది నీటిమట్టాన్నీ పక్కపక్కన పెట్టి చూపించకుండా ఎవరు ఏం చెప్పినా నమ్మకండి.

ముందు చుట్టూ ఉన్న బావుల్లో టేపు దించి నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలవండి. మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి, అదీ మోటారు ఆపిన కొన్ని గంటలకి. లోతు ఒక్కటే చాలదు, ఒక బావి మెరక మీద ఉంటే ఇంకోటి పల్లంలో ఉంటుంది, అందుకని సర్వేయర్‌తో లెవెల్ పట్టించి బావుల గట్ల ఎత్తు, ఏటిలో నీటి ఎత్తు ఒకే లెక్కలోకి తేవాలి. అప్పుడు ఒకే వరసలో లేని మూడు బావులతోనే నేల కింద నీరు ఎటు పోతోందో తెలుస్తుంది. సాధారణంగా వేసవిలో నేలలోని నీరు ఏటికి ఊరుతుంది, వరదప్పుడు ఏరే నేలలోకి ఎక్కిస్తుంది.

గొయ్యి నీటిమట్టానికి పైనే ఆగితే పెద్ద టెన్షన్ లేదు. కిందకి దిగి మోటార్లతో తోడితే మాత్రం, గులకలో నీరు ఇట్టే పారుతుంది కనుక, దూరం బావుల్లో కూడా మట్టం పడిపోవచ్చు. తోడకుండా చెరువులా వదిలేసినా నీరొచ్చే ఎగువ వైపు మట్టం కాస్త దిగుతుంది, దిగువన పెరుగుతుంది, ఎండకి ఆవిరయ్యేది అదనం.

నీటిని అంత తేలిగ్గా పోనివ్వని బంకమట్టి పొర మధ్యలో ఉందేమో ఊళ్లో బోర్లు వేసినవాళ్లని అడగండి (కాగితాల కన్నా వాళ్లకే బాగా గుర్తుంటుంది). పంపింగ్ టెస్ట్ (ఒక చోట నీరు తోడుతూ చుట్టూ మట్టం ఎంత దిగుతుందో చూసే పరీక్ష) రిపోర్టు క్వారీవాళ్లని అడగండి. మీ కొలతలు తవ్వకం మొదలవకముందే తేదీలతో రాసుకోండి, తర్వాత కొలిస్తే పోల్చడానికి ఏమీ ఉండదు.