కోసిగి వైపు పోస్టింగ్ కోరుకున్న మా చిన్నికి

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. కర్నూలు టౌన్‌లో ఖాళీ ఉన్నా నువ్వు కోసిగి వైపు పల్లెనే కోరుకున్నావంట. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. ముప్ఫై రెండేళ్లు ఏఎన్ఎంగా, అంటే పల్లెల్లో సూదులు వేసే నర్సుగా, టీకా మందును చల్లగా ఉంచే ఆ నీలం పెట్టె మోసినదాన్ని. మన ఇంట్లో ఇంకో ఆడపిల్ల దాన్ని భుజాన వేసుకుంటోందంటే గుండె నిండిపోయింది. ఆ వెంటనే ఆ ఎండలు, బస్సు రాని ఊర్లు గుర్తొచ్చి భయమేసింది. తెల్లారేదాకా ఆగి ఈ ఉత్తరం రాస్తున్నా.

టీకాల పట్టికంతా నీకు ట్రైనింగ్‌లో నేర్పే ఉంటారు. పుట్టగానే క్షయకు బీసీజీ, పోలియో చుక్కలు, 24 గంటల్లోపు హెపటైటిస్ బి. 6, 10, 14 వారాలకు ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్. 9 నెలలు నిండాక తట్టు, రుబెల్లాకు ఎంఆర్. బీసీజీ ఎడమ భుజానికి, పెంటా ఎడమ తొడకు. ఇవన్నీ నెల తిరిగేసరికి నీకు నోటికి వస్తాయి.

నేను చెప్పాల్సింది ఐస్ గురించి.

1992 మే నెల. నాకు నీ వయసే. ఆదోని పక్క పల్లెకు పోవాలి. ఎండ మండిపోతోంది. మందు వేడెక్కి పాడైపోతుందేమోనన్న ఒక్కటే భయం నాకు. పొద్దున్నే రాయిలాగా గడ్డకట్టిన ఐస్‌ప్యాక్‌లు తీసి అట్లే క్యారియర్‌లో పెట్టి, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా వేసే డీపీటీ సీసాను వాటి మధ్యలో ఇరికించి, మూత బిగించి బయలుదేరాను. రెండు గంటల ప్రయాణం. ఊర్లో వేపచెట్టు కింద మూత తీస్తే సీసా అంచున మంచు పట్టి ఉంది. చేతిలో కరిగించి ఊపాను. తెల్లటి మందులో తునకలు తునకలుగా తేలి, చూస్తుండగానే అడుగుకు దిగి, పైన నీళ్లు తేరుకున్నాయి. డీపీటీ గడ్డకడితే అందులో ఉండే అల్యూమినియం ఉప్పు ముద్దకట్టి మందు బలం పోతుందని నాకు చెప్పే ఉన్నారు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ ఎదురుగా తొమ్మిది మంది తల్లులు. కూలి మానుకొని వచ్చారు. ఉత్త చేతులతో పొమ్మంటే మళ్లీ వస్తారా? వాళ్ల ముందు తలవంపులు కదా అనిపించింది. ఇంకోసారి గట్టిగా ఊపి, తొమ్మిది మంది బిడ్డలకీ వేసేశాను. రిజిస్టర్‌లో టిక్కులు పెట్టాను. ఎవరికీ చెప్పలేదు.

చలికాలంలో ఆ ఊరికి పోతే ఒక తల్లి బిడ్డను ఎత్తుకొని ఎదురొచ్చింది. కోరింత దగ్గు. దగ్గి దగ్గి బిడ్డ ముఖం నీలంగా మారి, చివరకు ఊపిరి లోపలికి లాగుతుంటే ఈల వేసినట్టు చప్పుడు. "సూది ఏపిచ్చినా కదా సిస్టరమ్మా, మళ్లీ ఎట్ల వచ్చె?" అంది. ఆ ఒక్క సీసా వల్లే వచ్చిందని ఎవరూ తేల్చి చెప్పలేరు. మంచి మందు వేసినా ఒకరిద్దరికి జబ్బు రావచ్చు. కానీ ఆమె అడిగినప్పుడు నా కళ్ల ముందు ఆ తునకలే కదిలాయి. ఆ సాయంత్రమే డాక్టరు గారి దగ్గరకు పోయి ఏడుస్తూ చెప్పాను. ఆయన కేకలేయలేదు. "పేర్లు ఉన్నాయి కదా, పోయి మళ్లీ వెయ్యి" అన్నాడు. అప్పటికి మూడు కుటుంబాలు సుగ్గికి, అంటే కూలి పనులకు వలస, గుంటూరు వైపు వెళ్లిపోయాయి. మిగిలినవాళ్ల ఇళ్లకు పోయి, ఆ రోజు వేసిన మందు చెడిపోయిందని నా నోటితోనే చెప్పి మళ్లీ వేశాను. ఒకామె తిట్టింది. మిగతావాళ్లు బిడ్డ తొడ చూపించారు, అంతే. దగ్గు వచ్చిన బిడ్డ మూడు నెలలకు కోలుకున్నాడు. సుగ్గికి పోయిన ఆ ముగ్గురి సంగతి మాత్రం నాకు ఈ రోజుకూ తెలియదు.

అందుకే చెప్తున్నా చిన్నీ, ఐస్‌ప్యాక్ తీసిన వెంటనే పెట్టెలో పెట్టొద్దు. బయట ఉంచి, ఊపితే లోపల నీళ్లు కదిలే చప్పుడు వినపడాలి. అప్పుడు పెట్టు. వేడికి పాడయ్యే పోలియో చుక్కలకైతే సీసా మీద గుర్తు ఉంటుంది. లోపలి చతురస్రం చుట్టూ ఉన్న వలయం కన్నా తెల్లగా ఉన్నంతవరకు వాడొచ్చు. చలికి చెడిపోయిందేమో ఆ గుర్తు చెప్పదు. పెంటా, హెపటైటిస్ బి, ధనుర్వాతం-కంఠసర్పికి వేసే టీడీ గడ్డకట్టాయని అనుమానం వస్తే పక్కన పెట్టెయ్. తల్లులు గొణిగినా సరే. వాళ్లకు ఆ సీసాలో ఏముందో తెలియదు, నీకే తెలుసు.

బీసీజీ, ఎంఆర్ పొడి మందులు. వాటితో వచ్చిన ద్రవంతోనే కలుపు. కలిపిన టైము సీసా మీద రాయి. నాలుగు గంటలు దాటితే ఎంత మిగిలినా పారెయ్. అందులో క్రిములు పెరిగితే బిడ్డ ప్రాణం మీదకు వస్తుంది. పొదుపు చేసే చోటు కాదది.

సూది ఎట్లా పని చేస్తుందని తల్లులు అడిగితే విసుక్కోవద్దు. నేనైతే కోరలు పీకిన పామును చూపించినట్టు అని చెప్పేదాన్ని. ధనుర్వాతం, కంఠసర్పి టీకాల్లో ఉండేది విషం తీసేసిన విషమే. ఒంటికి దాని ముఖం చూపిస్తున్నాం. ఒకసారి చూస్తే గుర్తు పట్టదు, రెండోసారి, మూడోసారి చూస్తే బాగా గుర్తుంటుంది. రేపు అసలు పాము వచ్చినప్పుడు ఒళ్లు ఆలస్యం చేయదు. ఆమాత్రం చెబితే, మూడు డోసులెందుకని ఎవరూ అడగరు.

జ్వరం రాదని మాత్రం చెప్పకు. వస్తుంది, ఒకటి రెండు రోజులుంటుంది, పారాసిటమాల్ ఎంత వెయ్యాలో చెప్పి పంపు. బీసీజీ చోట కొన్ని వారాలకు పొక్కు లేచి మచ్చ పడుతుంది, దాని మీద పసుపు, పసరు పెట్టొద్దని ముందే చెప్పు. ముందే చెప్పిన జ్వరానికి ఎవరూ భయపడరు. చెప్పకుండా వచ్చిన జ్వరం ఊరంతా పుకారవుతుంది. బిడ్డకు ఫిట్స్ వచ్చినా, గంటల తరబడి ఏడుపు ఆపకపోయినా, ఒళ్లు వేలాడేసినా వెంటనే ఆసుపత్రికి పోవాలని కూడా చెప్పు. సూది వేసిన అరగంట వరకు ఎవరినీ కదలనీయకు. పెద్ద అలెర్జీ పది లక్షల డోసుల్లో ఒకటీ అరా రావచ్చు. వస్తే ఆ అరగంటలోనే ఎక్కువగా వస్తుంది. అప్పుడు వెయ్యాల్సిన అడ్రినలిన్ కిట్ నీ బ్యాగులోనే ఉండాలి, ఇంట్లో కాదు. ఎక్స్‌పైరీ నెలకొకసారి చూసుకో.

సుగ్గికి పోయే ఇళ్లను దసరా ముందే తిరుగు. టీకాల కార్డు వాళ్ల బట్టల మూటలో పెట్టించు. తిరిగొచ్చాక డోసు తప్పిందని ఎవరినీ తిట్టకు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టకు, ఆగిన చోటి నుంచి వెయ్యి.

పోలియోతో చచ్చుబడిన మీ మామ కాలు చూస్తూ పెరిగావు నువ్వు. అవ్వ ఆయన్ను చంకనేసుకొని ఆదోని ఆసుపత్రి మెట్లెక్కడం నేను చూశాను. అప్పుడు మన ఊరికి చుక్కలు తెచ్చేవాళ్లే లేరు. ఇప్పుడు నువ్వు తెస్తున్నావు. నాకు అందుకే నిద్ర పట్టలేదేమో.

పెట్టె పట్టీ భుజాన్ని కోస్తుంది. పాత టవలు చుట్టుకో. మొదటి టీకాల బుధవారం అయిపోగానే ఎంత రాత్రయినా ఫోన్ చెయ్.

మీ పెద్దమ్మ